మూడవ పిలుపు

గ్రీష్మమధ్యాహ్నమున చండభానుకిరణతప్తమైన విశాఖసాగరతీరసైకతము పాదము మోపనీయక కుంపటివలె కాగుచుండగా సముద్రాభిముఖమగు నొక విశాలభవనమున శీతలయంత్రముల చలువలో సుఖాసీనులై బ్రౌజరులు నిర్మించు సంస్థల ప్రతినిధులు క్రొత్త గ్రాఫిక్స్ ప్రమాణమునుగూర్చి వాగ్యుద్ధ మొనర్చుచుండిరి. అంతవరకు వెబ్ పుట బొమ్మ గీయవలెనన్న నడుమ ననేకుల యనుమతి వేడవలసియుండెను. ఇకపై కంప్యూటరులోని చిత్రణయంత్రమునకు దాదాపు నేరుగా నాజ్ఞ లొసంగవచ్చునని యా ప్రమాణసారము. నేరుగా తలుపు తెఱచిన దొంగయు నేరుగానే వచ్చునని కొందఱును దొంగకు వెఱచి యిల్లు కట్టుట మానుదుమా యని కొందఱును పట్టుపట్టగా వాదము ముదిరి పాకాన బడెను.

క్రొత్తపక్షమునకు మందాకిని ప్రధానవాదిని. ఆమె వాగ్ధాటికి ప్రతిపక్షులొక్కరొక్కరే తలయొగ్గుచుండగా నామెకు విద్య గఱపి యిప్పు డా సభకు నధ్యక్షుడైన పద్మనాభాచార్యులు మీసముల చాటున ముసిముసినగవులు నవ్వుచుండెను. కాని యామె మనస్సు మనస్సులో లేదు. పాతమార్గమును బ్రౌజరులనుండి తొలగింపవలెనని ప్రమాణమున కడపటి నియమ మొకటి కలదు. బొబ్బిలిలోని బధిరబాలల పాఠశాలకై యామె తీర్చిన బొమ్మ చేసైగలతో పాఠములు చెప్పునది యా పాతమార్గముననే. ఎవరో దానమిచ్చిన యచ్చటి ముదుసలి ఫోనులకు క్రొత్తదారి తెలియదు. ఆ నియమము నిలిచినచో నా పిల్లలకు తెల్లని తెరయే గతి.

ఉదయముననే యామె యాచార్యులతో నీ సంగతి విన్నవించెను.

"ఆ నియమం తీసేస్తే పెద్ద సంస్థలవాళ్లు ఒప్పుకోరమ్మా. రెండు దారులూ ఎన్నాళ్లు మేపుతామంటున్నారు. ఇంతదాకా వచ్చి చేజేతులా చెడగొట్టుకుందామా? అయినా నీ ఇష్టం. సభలో చెప్పు, నేను అడ్డుపడను" అని యాయన పలికెను.

ఆ సభలో వోట్లు లేవు. అభ్యంతరము గలదా యని యధ్యక్షుడు ముమ్మా రడుగును. ఒక్కరు కాదన్నను ప్రమాణ మాగును. మౌనము లోకమున నర్ధాంగీకారము గాని యచ్చట పూర్ణాంగీకారమే.

మొదటి పిలుపునకు మందాకిని గొంతు సవరించుకొనెను. రెండవ పిలుపునకు మైకు మీట వఱకు వ్రేలు పోయెను గాని యంతదనుక తనతో వాదించి యోడినవారి ముఖములన్నియు తనవైపు తిరుగుట చూచి యా వ్రేలు బిగుసుకొనెను. పిదప నే యుపసంఘముననో నచ్చజెప్పవచ్చునని తన్ను దాను సమాధానపఱచుకొనెను. అది పిఱికితనమని యామెకును తెలియును. మూడవ పిలుపు వచ్చినది, పోయినది. అభ్యంతరములు లేవని యాచార్యులు ప్రకటింపగా కరతాళధ్వనులు మిన్నుముట్టెను.

వసారాలోనికి వచ్చినంతనే ఫోను మ్రోగెను. తెరపై బొబ్బిలి పాఠశాల యుపాధ్యాయిని యెస్తేరమ్మ.

"అమ్మా, మీరే గెలిచారంట గదా! పిల్లలు ఒకటే గొడవ, మీకు చప్పట్లు కొట్టాలని. ఇంక మన బొమ్మ ఇంకా బాగా ఆడుతుంది గదమ్మా?"

ఆమె వెనుక బాలలందఱు రెండుచేతులు పైకెత్తి వ్రేళ్లు గలగల నాడించుచుండిరి. చెవులు వినరానివారి చప్పట్లవి. నిజము చెప్పుటకు బదులు మందాకినియు మెల్లగా రెండుచేతులు పైకెత్తి యాడించెను. అది చూచి యా పిల్లలు మఱింత సంతోషించిరి.