గోడ దాటిన బాణం

కోడలు పాస్‌వర్డ్ కొట్టింది. లాప్‌టాప్ ఎంతో మర్యాదగా స్వాగతం పలికి, ఆ వెంటనే తడిగుడ్డతో పలక తుడిచినట్టు నల్లబడిపోయింది. ఆ నలుపులో తెల్లటి బాణం గుర్తు ఒక్కటే మిగిలింది. మౌసు కదిపితే అదీ కదిలింది. ఇంకేమీ లేదు.

గోడ గడియారంలో పదీ ఇరవై. ఇంటర్వ్యూ పదకొండింటికి.

చిరిగిన పాత దేశపటాలను, పురుగు తిన్న కాగితాలను అతికించి బతికించడం కోడలి విద్య. ఆ విద్యకు మ్యూజియంలో ఉన్నది ఒకే ఒక్క ఉద్యోగం. రెండేళ్లుగా కళ్లల్లో వత్తులు వేసుకుని దానికోసం చూస్తోంది. ముగ్గురు పెద్దలు వీడియోలో కూర్చుంటారు, చేసిన పని చూపించమంటారు. మాటలకైతే ఫోను చాలు. కానీ బాగుచేసిన నలభై పటాల ఫోటోలూ ఈ నల్లరాయి కడుపులోనే ఉన్నాయి.

ఆపి మళ్లీ వేసింది. మళ్లీ స్వాగతం, మళ్లీ చీకటి.

"ఏమైందమ్మా?" అంటూ గుమ్మంలో మామగారు ప్రత్యక్షమయ్యాడు, చేతిలో స్క్రూడ్రైవరుతో. నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. ఇంట్లో ఏ వస్తువు తుమ్మినా ఆయన చెవిన పడుతుంది.

"తెర మీదికి ఏమీ రావడం లేదు మావయ్యా. బాణం మాత్రం తిరుగుతోంది."

"తిరుగుతోందంటే ప్రాణం ఉన్నట్టే. కంగారుపడకు. ఒకసారి నా దగ్గరికి మూడేళ్లు నోరు విప్పని రేడియో ఒకటి వచ్చింది. ఒక్క తట్టు తట్టాను. మర్నాటి వార్తలు కూడా ఆ రోజే చదివేసింది."

"మరి మన పెళ్లి వార్త అందులో ముందే రాలేదా?" ముందుగదిలోంచి అత్తగారి గొంతు.

"వచ్చిందే. నాకే స్టేషను సరిగ్గా దొరకలేదు."

కోడలికి నవ్వొచ్చింది గానీ నవ్వే తీరిక లేదు. కంప్యూటర్ షాపతనికి ఫోను చేసి, స్పీకరు మీద పెట్టింది. అతను చెప్పిన మూడు మీటలు ఒకేసారి నొక్కింది. తెర ఒక్కసారి కన్నుకొట్టి మళ్లీ నిద్రపోయింది. ఇంకో రెండు మీటలు చెప్పాడు. అవీ నొక్కింది. లోపల ఏదో టిక్కుమంది, బయటికేమీ రాలేదు.

"ఇక షాపుకు తెచ్చెయ్యండి మేడమ్. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తాను" అన్నాడతను.

"తుడిస్తే ఫోటోలు?"

"పోతే పోవచ్చు."

కోడలు గడియారం చూసింది. పదీ ముప్పై ఎనిమిది.

"వైరు పీకి చూద్దామా?" అంది.

"వద్దు వద్దు. దాని బ్యాటరీ ముసలిది. వైరు పీకితే రెప్పపాటులో కన్నుమూస్తుంది" అన్నాడు మామగారు, కాస్త ఎక్కువ తొందరగానే.

కోడలు కుర్చీలో వెనక్కి వాలి, ఏం చేయాలో తోచక బాణాన్ని అటూ ఇటూ తిప్పింది. పైకి తోస్తే పై అంచుకు తగిలి ఆగింది. కిందికి తోస్తే కింద ఆగింది. ఎడమవైపూ అంతే. కుడివైపు తోసేసరికి అంచు దాటి మాయమైపోయింది. మౌసు వెనక్కి లాగితే, కొళాయి దగ్గరికి వెళ్లొచ్చినంత నింపాదిగా తిరిగొచ్చింది.

నిటారుగా కూర్చుంది.

"మావయ్యా, ఇది కుడివైపు ఎక్కడికో పోతోంది. పోయిందంటే, పోవడానికి అక్కడ చోటుండాలి కదా?"

కోడలు తలెత్తి చూసింది. మామగారు కుడివైపు గోడనే చూస్తున్నాడు. ఆ గోడకు అవతల ముందుగది. ముందుగదిలో టీవీ.

"చెప్పెయ్యండి. పొద్దున్నే వద్దంటూనే ఉన్నాను" అంది అత్తగారు గుమ్మంలోకి వచ్చి.

ఆయన స్క్రూడ్రైవరుతో చెవి గోక్కున్నాడు. "నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు, నీ ఇంటర్వ్యూ మేమిద్దరం టీవీలో చూద్దామని, బల్ల కింద చిన్న డబ్బా బిగించానమ్మా. నీ ఛార్జరు దాన్లో పెట్టి, దాన్నుంచి ఒక వైరు నీ లాప్‌టాప్‌కి, ఇంకొకటి గోడలోంచి టీవీకి లాగాను. చేతికొచ్చిన నాలుగు మీటలూ నొక్కాను. టీవీలో ఏమీ రాలేదు. పనిచెయ్యలేదనుకుని ఊరుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"పనిచెయ్యనిది చెప్పుకునే అలవాటు లేదమ్మా."

కోడలు బల్ల కిందికి వంగి చూసింది. టీవీ వైరును బల్లకాలి వెంట, బల్లకాలి రంగే పూసి మరీ దాచాడు. పనితనం అంటే అది. చంకలో పిల్లిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇరవై నిమిషాలుగా తాను దాచిన దొంగను తానే వెతుకుతున్నాడు. కోడలికి కోపం ముక్కు దాకా వచ్చింది. గడియారం చూసి మింగేసింది.

"టీవీ పెట్టండత్తయ్యా."

పెడితే వట్టి నీలిరంగు. "వైరు రెండో కన్నంలో పెట్టి, మొదటిదాంట్లో వెతికితే ఎలా వస్తుంది?" అంటూ అత్తగారు రిమోట్‌లో ఏదో మార్చింది. ఆ వెంటనే కేకేసింది. "వచ్చిందే, నీ సామానంతా ఇక్కడుంది!"

ఫోనులో ఇంకా వేలాడుతున్న షాపతను కూడా హుషారెక్కాడు. "అర్థమైంది మేడమ్. మీ టీవీయే అసలు తెర అని దానికి చెప్పేశారు. కిటికీ బొమ్మ మీటా, పీ మీటా కలిపి నొక్కండి. రెండోది ఎంచుకుంటే రెండు తెరల మీదా ఒకటే బొమ్మ వస్తుంది."

నొక్కింది. జాబితా టీవీలో తెరుచుకుంది, కోడలికి కనిపించదు. మామగారు ఆ వయసులో ముందుగదిలోకి పరుగెత్తాడు.

"వచ్చిందమ్మా, నాలుగు వరసలు. రెండోదాని మీదికి రావాలి. బాణం కుడికి తే. ఇంకా కుడికి. గోడ దాటావు. పైకి. అయ్యో, అంత పైకి కాదు, మేడ ఎక్కావు. దిగు, దిగు. ఆఁ, అక్కడే. నొక్కు!"

నొక్కింది. నలుపు చెదిరి తెర మీద ఫైళ్లు, పటాలు, అన్నీ ఒక్క పెట్టున పొంగి వచ్చాయి. పదీ యాభై ఎనిమిది. కోడలు జుట్టు సవరించుకుని లింకు తెరిచింది.

ముగ్గురు పెద్దలు కనిపించారు. మాట తడబడుతుందని భయపడింది గానీ, అప్పటికే రక్తం ఉరకలు వేస్తోంది. అదే ఊపులో మొదలుపెట్టింది. ఎలుక కొట్టేసిన నదిని పల్చటి కాగితంతో మళ్లీ ఎలా పారించిందో, మసిబారిన తీరాన్ని దూదితో, ఓపికతో నాలుగు నెలలు ఎలా కడిగిందో చెబుతూ ఒక్కో ఫోటో తిప్పింది. మధ్యలో కూర్చున్నావిడ కళ్లజోడు తీసి తెరకు దగ్గరగా జరిగింది.

గోడ అవతల, ముందుగదిలో అలికిడి లేదు. మామగారు నోరు తెరవకుండా అత్తగారు తన అరచేత్తో మూసి పెట్టింది.

నలభయ్యో పటం అయ్యాక ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. కళ్లజోడు ఆవిడ అడిగింది. "సోమవారం నుంచి పనిలోకి రాగలరా?"

కోడలు నోరు తెరిచేలోపే గోడ అవతల నుంచి రెండు గొంతులు ఒక్కసారే వినిపించాయి.

"వస్తుంది."

ఆవిడ చుట్టూ చూసింది. "ఎవరండీ అది?"

"మా అత్తా మామా. నా మాట కూడా అదే" అంది కోడలు.