మూడు హీటర్ ప్లగ్గులు

తెల్లారుతుండగా మేస్త్రీ పెళ్లాం ఉర్సులా వచ్చి తలుపు బాదింది. సబీనా అప్పటికింకా పొయ్యి రాజెయ్యలేదు.

"మీ మేస్త్రీకి గజ్జల్లో పేగు దిగి బిగుసుకుపోయిందమ్మా. పచ్చగా కక్కుతున్నాడు. ఒరూరో పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లి కోయించకపోతే దక్కడంది నర్సమ్మ. బండి చూస్తే స్టార్టవ్వట్లేదు."

ఫ్లొరెన్సియో ఆ ఊరికి పాత మెకానిక్కు. సబీనాకి పని నేర్పిందీ ఆయనే, నాలుగేళ్ల కింద ఒక బోల్టు బిగించడం మర్చిపోయిందని నలుగురి ముందూ గెంటేసిందీ ఆయనే. ఆమె ఆయన షెడ్డుకి ఎదురుగానే సొంత షెడ్డు వేసుకుంది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఊళ్లో ఉన్న రెండో బండి సంతకెళ్లింది. ఒరూరోకి మూడు గంటల దారి.

సబీనా పనిముట్ల పెట్టె తీసుకుని పరిగెత్తింది. బకెట్లో నీళ్లు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. పాత డీజిల్ జీపు వెనక సీట్లో ఫ్లొరెన్సియో మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, మూడు కంబళ్ల కింద వణుకుతున్నాడు.

"దీన్నెందుకు పిలిచావే?" అన్నాడు పెళ్లాంతో. తర్వాత సబీనా వైపు చూడకుండానే, "డీజిల్ గడ్డకట్టింది. ట్యాంకు కింద నిప్పు పెట్టు" అన్నాడు.

సబీనా తాళం ఒక్కసారి తిప్పింది. ఇంజను బరువుగా మూలిగింది. సైలెన్సర్లోంచి తెల్లటి పొగ వచ్చింది.

"డీజిల్ వస్తోంది మేస్త్రీ, కాలట్లేదంతే. హీటర్ ప్లగ్గులు పోయాయి."

"నాలుగూ ఒకేసారి పోతాయా? నేనదే నేర్పానా నీకు?"

బ్యాటరీలో ఇంకో రెండు మూడు తిప్పుళ్లకి మించి బలం లేదని ఆ మూలుగులోనే తెలిసింది. చలిలో సిలిండర్లని ముందుగా వేడెక్కించే ఆ నాలుగు ప్లగ్గుల్ని కలిపే రేకు పట్టీ ఊడదీసి, చిన్న బల్బు కట్టిన తీగ ఒక చివర బ్యాటరీకి తగిలించి, రెండో చివర ఒక్కో ప్లగ్గు నెత్తి మీదా ఆనించింది. మొదటిది, బల్బు వెలగలేదు. రెండోది, లేదు. మూడోది వెలిగింది. నాలుగోది మళ్లీ చీకటే.

"మూడు చచ్చాయి."

ఫ్లొరెన్సియో కంబళి తల మీదికి లాక్కున్నాడు.

ఉర్సులా లామా పిడకల పొయ్యి మీద నీళ్లు కాచి తెచ్చింది. సబీనా వేడి గుడ్డలు ఇంజను హెడ్డు మీద కప్పింది. పానా పట్టి పావు తిప్పు వదులు చేసి, మళ్లీ బిగించి, మళ్లీ వదులు చేసింది. మొదటిది వచ్చింది, రెండోది వచ్చింది. కొనలు మాడి ఉబ్బిపోయి ఉన్నాయి. నాలుగోది మర వదిలింది కానీ, పైకి లాగితే కదల్లేదు. లోపల కొన ఉబ్బి పట్టేసింది. ఇంకాస్త లాగితే కిర్రుమంది.

"విరిగితే హెడ్డు దించాలి. నేను పోయాక తీరిగ్గా దించుకో" అన్నాడు ఫ్లొరెన్సియో పళ్ల మధ్యనుంచి.

ఆమె చెయ్యి ఆగింది. నాలుగోదాన్ని మళ్లీ బిగించేసి, మిగతా రెండు చోట్లా తన పెట్టెలోంచి కొత్తవి వేసింది. మూడింటి మీదే లేవాలి.

"ఇలా మాడాయంటే కరెంటు గంటల తరబడి పారింది. దానంతటదే కరెంటు కట్టెయ్యాల్సిన రిలే ఏం చేశావు మేస్త్రీ?"

"దాని పని నువ్వు చూడు."

"చెప్పకపోతే కొత్తవీ మాడిపోతాయి!"

ఫ్లొరెన్సియో మొహం సీటు వైపు తిప్పుకున్నాడు.

"రిలే పోయింది. తీసేసి స్విచ్చు పెట్టా. మొన్న నొక్కి... ఆపడం మర్చిపోయా."

సబీనా ఆ స్విచ్చు తీగలు పీకేసి, రేకు పట్టీ తిరిగి బిగించింది. లావు తీగ ఒకటి బ్యాటరీకి బిగించి, రెండో కొన చేత్తో పట్టుకుంది.

"పిన్నీ, 'ఊ' అనగానే తాళం తిప్పు."

"నేనెప్పుడూ ముట్టుకోలేదే తల్లీ!"

"ఇవాళ ముట్టుకో."

తీగ పట్టీకి ఆనించింది. చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. పన్నెండు లెక్కపెట్టి "ఊ" అంది. ఇంజను తిరిగింది, ఒకసారి దగ్గింది, చచ్చింది.

"ఇంకోసారే" అంది. ఎవరితో అందో ఆమెకే తెలియదు. ఈసారి పదిహేను లెక్కపెట్టింది. ఇంజను తిరుగుతున్నా తీగ తియ్యలేదు. వేళ్లు చురచుర కాలుతున్నాయి. బ్యాటరీ నీరసపడుతూ నెమ్మదించింది. ఒక సిలిండరు అందుకుంది, తర్వాత ఇంకోటి. బండంతా కుంటిదానిలా ఊగింది. కాసేపటికి నాలుగోదీ కలిసింది.

సబీనాయే బండి తోలింది. దారిలో ఫ్లొరెన్సియో మూలుగుతున్నంతసేపూ ఆమెకి ధైర్యంగానే ఉంది. చివరి అరగంట మూలుగు ఆగింది. అప్పుడు భయపడి యాక్సిలరేటరు ఇంకా తొక్కింది.

ఆస్పత్రి వాళ్లు ఫ్లొరెన్సియోని లోపలికి మోసుకెళ్లాక కూడా ఆమె ఇంజను ఆపలేదు. మళ్లీ లేస్తుందో లేదోనని అలాగే ఉంచి, స్టీరింగు పట్టుకుని కూర్చుంది. రెండు గంటలైంది. ఉర్సులా మెట్లు దిగి వచ్చింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"పేగు నల్లబడలేదట! ఇంకో గంటైతే చేసేదేం లేదన్నాడు డాక్టరు. ఆయన కళ్లు తెరిచాడు. నిన్ను పిలుస్తున్నాడు."

"తిట్టడానికా?"

"ఏమో. పేరు పెట్టి పిలిచాడు."

సబీనా తాళం తిప్పి ఇంజను ఆపింది. బొబ్బలెక్కిన వేళ్లని ఊదుకుంటూ లోపలికి నడిచింది.