జింకు ద్రావణంలో నీలం

స్వరాజ్యలక్ష్మికి జింకు మీద ఏ ఆశా ఉండేది కాదు. సిద్దిపేటలో డిగ్రీ విద్యార్థులకు కెమిస్ట్రీ చెబుతూ, నెలకోసారి హైదరాబాద్ వెళ్లి తన పీహెచ్‌డీ గైడును కలిసి వచ్చేది. ఐదేళ్లుగా ఆమె పరిశోధన అంతా రాగి, నికెల్ చుట్టూనే. ఎండ్రికాయ కొండ్లతో పట్టుకున్నట్టు, ఒక కర్బన అణువు లోహాన్ని నాలుగు చోట్ల పట్టుకుంటుంది. రాగి చిక్కితే పచ్చటి పొడి, నికెల్ చిక్కితే ఇటుక రంగు పొడి వచ్చేవి. జింకుకు మాత్రం చెప్పుకోదగ్గ రంగే రాదు.

"పోలిక కోసం అదీ ఒకటి చేసిపెట్టమ్మా, పట్టికలో ఖాళీ ఉండొద్దు" అన్నాడు గైడు.

1992 వేసవి సెలవుల్లో ఆ పని ముగించి, మిగిలిన ద్రావణం పారబోసి ఫ్లాస్కు కడగమని ల్యాబ్ అటెండర్ సారయ్యకు ఇచ్చింది. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. కిటికీ దగ్గర ఫ్లాస్కు ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"మేడం, దీంట్ల బట్టలకేసే నీలిమందు గిట్ల కలిపిన్రా?"

"లేదు సారన్నా. ఎందుకు?"

"ఎండ తాకిన కాడ నీలంగ గొడ్తుంది, సూడున్రి."

ఆమె వచ్చి చూసింది. లేత పసుపు నీళ్లే. కానీ ఎండ పడిన అంచున, పాల మీది మీగడంత పల్చగా ఒక నీలం నిలబడి ఉంది. ఎండలోని కంటికి కనపడని కిరణాలకే ఇది వెలుగుతోందా అనుకుంది.

బస్టాండు వెనక చర్మవ్యాధుల డాక్టర్ లింగమూర్తి దగ్గర తామర మచ్చలు చూసే అతినీలలోహిత దీపం ఉంది. మధ్యాహ్నం రోగులు వెళ్లిపోయాక, ఆమె, సారయ్య రెండు పరీక్షనాళికలు పట్టుకుని వెళ్లారు. డాక్టరు కిటికీలు మూసి దీపం వేశాడు. రాగి ఉన్న నాళిక నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉండిపోయింది. జింకు నాళిక మాత్రం అడుగు నుంచి మూతి దాకా నీలంగా మండింది.

సారయ్య మెల్లగా వేలు చాచి గాజును తాకాడు.

"సల్లగున్నది డాక్టర్‌సాబ్" అన్నాడు గొంతు తగ్గించి.

ఆ రాత్రంతా స్వరాజ్యలక్ష్మికి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి సంగతి అర్థమైంది. అణువు అందుకున్న శక్తిని రాగి మింగేస్తోంది. జింకులో ఎలక్ట్రాన్ల గూళ్లన్నీ నిండి ఉన్నాయి, దానికి ఏమీ అక్కర్లేదు. అది అణువును బిగువుగా పట్టుకుని నిలబడుతుంది, వెలిగేది అణువే. మరి అణువును మార్చితే రంగు మారాలి కదా!

ల్యాబులో కాగితం మీద బొమ్మ గీసింది. మధ్యనున్న రెండు కర్బనాల వంతెన తీసేసి, అక్కడ బెంజీన్ వలయం పెట్టింది. ఎలక్ట్రాన్లు తిరిగే దారి పొడవవుతుంది, వెలుగు ఇంద్రధనుస్సులో నీలం నుంచి ఎరుపు వైపు జారుతుంది. పక్కన 'ఆకుపచ్చ' అని రాసింది.

"పుట్టకముందే రంగెట్ల జెప్తరు మేడం?" అని సారయ్య ఆశ్చర్యపోయాడు.

"తప్పయితే నువ్వే నవ్వు సారన్నా."

మొదటిసారి ఏదీ కుదరలేదు. సీసాలోని పాత రసాయనం గాలికి చెడి గోధుమరంగుకు తిరిగింది, వచ్చిందంతా మడ్డి. హైదరాబాద్ నుంచి కొత్తది తెచ్చి, శుద్ధి చేసి, మళ్లీ మరిగించి వడపోసేసరికి పన్నెండు రోజులు పట్టింది.

మళ్లీ అదే గది, అదే దీపం. స్విచ్ మీద డాక్టరు వేలు పెట్టగానే ఆమె కళ్లు మూసుకుంది.

"మేడం," సారయ్య పిలిచాడు, "వరినారు లెక్కున్నది."

కళ్లు తెరిచింది. నాళికలో ఆకుపచ్చ వెలుగు, ముగ్గురి ముఖాల మీదా ఆకుపచ్చ. పెన్సిల్‌తో తను గీసిన గీతను కంటికి కనపడని అణువులు కోటానుకోట్లుగా విన్నాయి. ఆమెకు గర్వం కలగలేదు. గొప్ప చోట నిలబడ్డప్పుడు కలిగే బెరుకే కలిగింది, కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

వారం తర్వాత గైడు నీలం, ఆకుపచ్చ నాళికలు రెండూ చూసి, రాగి మీద రాసిన కాగితాలన్నీ పక్కకు జరిపి, ఇక జింకు మీదే పని చేయమన్నాడు. పీహెచ్‌డీ ఇంకో మూడేళ్లు సాగింది, ఆమె ఒక్కరోజూ విసుక్కోలేదు.

ఈలోగా సారయ్య తన భార్య ఎల్లవ్వను కూడా డాక్టరు గదికి తీసుకొచ్చాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నాళికలను చూస్తూ అడిగింది:

"గీ ఎలుగు ఇన్నొద్దులు యాడుండె బిడ్డా?"

స్వరాజ్యలక్ష్మి ఎల్లవ్వ చెయ్యి పట్టుకుని, తనూ చూస్తూ నిలబడింది.