చెవి కోసుకునేవాడి చెవిలో

నేను ఒక చెవిమిషన్ని. అగ్గిపెట్టెకు అన్నలా ఉంటాను. మనిషి జేబులో కూర్చుంటే నా తీగ పైకి పాకి అతని చెవిలో తల దూరుస్తుంది. పుట్టిందే మాట వినిపించడానికి. అయినా నా జీవితంలోకెల్లా ముఖ్యమైన మాటను నేను వినలేదు. ఆ క్షణంలో నా మీట ఆపేసి ఉంది. ఆ మాట విన్నానన్నవాడు ఒక్కడే. అతను తలుపు తెరిచి, మెట్ల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్ళతో ఇలా అన్నాడు:

"గొంతు పాడైనాదంట. అయిపోయింది. మొత్తం తుడిచెయ్యమ్మా."

ఆ ఒక్క మాటతో ఒక ఆల్బం, దాన్ని పాడిన గొంతు, నలభై ఏళ్ళ స్నేహం కలిసి ఒకే పాడె ఎక్కబోయాయి. మీట ఆపాక జరిగినదంతా తర్వాత నూకాలు నోట నేను విన్నదే. నూకాలు ఒకసారి చెప్పి ఊరుకునే మనిషి కాదు గనక, నాకు ప్రతి అక్షరమూ వచ్చేసింది.

ముందు నా పుట్టుక. ఎక్కడో పెద్ద ఊళ్ళో, పొడవాటి బల్లల ముందు కూర్చున్న ఆడపిల్లలు సన్నటి టంకం చుక్కలతో నా పేగులు అతికారు. చివరి బల్ల దగ్గర కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన నన్ను నోటి దగ్గర పెట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. నేను విన్న మొదటి మాటలవి. తర్వాత చాలా గొప్పవాళ్ళ మాటలు విన్నానుగానీ, ఒకటి తర్వాత కచ్చితంగా రెండే చెప్పిన మనిషి మళ్ళీ తగల్లేదు.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో స్థిరపడిన రిటైర్డు జడ్జి మహంతి గారు. కోర్టులో ఉన్నన్నాళ్ళూ ఇరుపక్షాలూ విన్న మనిషి, ఇంటికొచ్చాక ఏ పక్షమూ వినలేదు. జడ్జమ్మగారు నోరు తెరవగానే నా చక్రాన్ని కిందికి తిప్పేవారు. నేనుండేది కుడిచెవిలోనే, ఆవిడ మాటలు పడేది మాత్రం పెడచెవిన. ఆయన పోయాక ఆవిడ నన్ను తుడిచి, ఇంటికి చేపలు తెచ్చే నూకాలు చేతిలో పెట్టారు.

"మీ ఆయనకి పెట్టు నూకాలూ. మా ఆయనకి పనిచెయ్యలేదు. అలాగని మిషన్లో లోపమేం లేదు."

అలా తీర్పుల ఇంటినుంచి తెరచాపల ఇంటికి వచ్చాను.

నూకాలు భర్త మైలపల్లి మసేను. హార్బరులో మరపడవ నడిపిన మనిషి. అతని చెవుల్లో సగం బోటు ఇంజిను తినేసింది. మిగతా సగం 'గండశిల' తినేసింది. గండశిల అంటే ఏ కొండమీది రాయో అనుకునేరు, అది రాక్ బ్యాండు. పెళ్ళికి వాయించేది కాదు, పెళ్ళివారు పారిపోయేలా వాయించేది. ఈ ఊరికి రాక్ రాక కొత్తయిన రోజుల్లో బీచిలో వాళ్ళ మొదటి ప్రదర్శన జరిగింది. మసేను స్పీకరు పెట్టెకు వీపు ఆనించి కూర్చుని విన్నాడు. ఆ రోజునుంచి అతను గండశిలంటే చెవి కోసుకుంటాడని పేటంతా చెప్పుకున్నారు. కోసుకోవడమెందుకు, ఉన్నవి రెండూ అక్కడే వదిలేసి వచ్చాడు.

గండశిల గాయకుడు గ్లాడ్‌స్టన్. పేరు చివరా రాయే, పాట మొదటా రాయే. ఒకప్పుడు అతను కేక వేస్తే లంగరేసిన పడవలు కదిలేవని మసేను అంటాడు. ఆ ఇద్దరి మధ్యా ఒక కట్టుబాటు ఉండేది. ఏ ఆల్బమైనా బయటికి వెళ్ళేముందు మసేను వినాలి, తీర్పు చెప్పాలి. వినేటప్పుడు గదిలో ఇద్దరే ఉండాలి. ఒకసారి మసేను "ఇంజినుంది, బోటు లేదు" అన్నాడు. గ్లాడ్‌స్టన్ నవ్వి ఊరుకుని ఆ ఆల్బం వదిలాడు. బోటు లేని ఇంజిను ఏమవుతుందో అదే అయింది, నేరుగా అడుగుకి వెళ్ళింది. అప్పటినుంచి మసేను మాట అతనికి శిలాశాసనం.

తర్వాత గ్లాడ్‌స్టన్ గొంతుకు ఆపరేషనైంది. కేక పోయింది. చాలాకాలం పాటే ముట్టలేదు. మొన్నమొన్ననే కూతురు కెజియా, తనే రికార్డు చేస్తానని కూర్చోబెట్టి, బతిమాలి, బెదిరించి ఒక ఆల్బం పాడించింది. ఆదివారం సాయంత్రం హాల్లో విడుదల. శనివారం మసేను వినాలి.

"అన్న ఊఁ అంటే రేపు పాడతాను. లేదంటే ఇంక మైకు ముట్టుకోను," అని గ్లాడ్‌స్టన్ అందరి ముందూ అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషని అందరికీ తెలుసు, అదే భయం.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. గ్లాడ్‌స్టన్ మహా చమత్కారి అని పేరు. నూకాలు గుమ్మంలో చేపల గంప దించి "వంజరం తెచ్చాను బావూ" అంటే, "పంజరం నాకెందుకు వదినా, ఇంట్లో చిలక లేదుగా!" అనేవాడు. పేటంతా విరగబడి నవ్వేది. శ్లేష అంటే చెవి కోసుకునే జాతి గనక నేనూ మురిసిపోయాను.

రెండోది మసేను అలవాటు. నచ్చనిది చెవిన పడితే నన్ను ఆపడు. చివరిదాకా విని, తిట్టి, ఎదుటివాడి జవాబూ విని మళ్ళీ తిడతాడు. బాగా నచ్చినది పడితే మాత్రం వెంటనే నన్ను టిక్కుమని ఆపేసి గుప్పిట్లో పెట్టుకుంటాడు, దానిమీద ఇంకేదీ పడకూడదని. నూకాలు ఏడాదికోసారి అతన్ని మెచ్చుకుంటుంది. ఆ పూటంతా నాకు సెలవే.

శనివారం మధ్యాహ్నం గ్లాడ్‌స్టన్ మేడమీద గదికి వెళ్ళాం. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి దానికి స్టూడియో అని పేరు పెట్టారు. బ్యాండువాళ్ళు మెట్లమీద కూర్చున్నారు. కెజియా పాట మొదలుపెట్టి, తలుపు మూసి, తనూ వాళ్ళ పక్కన చేరింది.

నాకు మాత్రం లోపల గుబులుగా ఉంది. మసేను ఆ పొద్దున నా బ్యాటరీ సెల్లు మార్చడం మరిచిపోయాడు. సెల్లు నీరసిస్తే నాకు ముందు సన్నటి శబ్దాలు పోతాయి, తర్వాత మాట ముద్దవుతుంది. మంచి పాటని నేను ముద్ద చేసి చెవిలో పెడితే ఆ తీర్పు పాటదా, సెల్లుదా? జడ్జిగారి జేబులో పెరిగినదాన్ని, నాకు తెలుసు. శిక్షపడ్డాక సాక్షి ఆరోగ్యం గురించి ఎవరూ అడగరు.

మొదటి పాట వచ్చింది. పాత గండశిలైతే ఈపాటికి కిటికీ రెక్కలు వణకాలి. ఇవి వణకలేదు. గిటారు ఒకటి ఒడ్డున కట్టిన పడవ తాడులా కిర్రుమంది. దానిమీద ఆ గొంతు గరుకుగా, తడి ఇసకలా నడిచింది. పూర్వం కేక వేసే చోటుకి వచ్చి, కేక వెయ్యకుండా అక్కడే నిలబడిపోయింది. మసేను గుండె నా డబ్బా వెనకే కొట్టుకుంటుంది. అది గతి తప్పింది. గుండె వేగం నాకు తెలుస్తుంది, కారణం తెలియదు. దుఃఖానికీ ఆనందానికీ అది ఒకే డప్పు వాడుతుంది.

గ్లాడ్‌స్టన్ కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. తీర్పు చెప్పే మొహాన్ని చూడలేక కాబోలు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

పాట వెనక పాట నడుస్తోంది. నాలో ఓపిక తగ్గుతోంది. చివరి పాటకొచ్చేసరికి డప్పులు దూరమైపోయాయి. గిటారు ఆగిందో, నేనే ఆగిపోతున్నానో తెలియలేదు. గొంతు ఒక్కటే మిగిలింది. దాన్ని జారవిడవకుండా, ఉన్న ప్రాణమంతా పెట్టి పట్టుకున్నాను. అది కూడా ఆగింది. మసేను కళ్ళు తెరవకుండానే చెవిలోంచి నన్ను లాగాడు. టిక్.

అంతే, నాకు లోకం లేదు. ఇక్కడినుంచి నూకాలు మాట, ఆమె రాకముందుది కెజియా చెప్పగా ఆమె విన్నది.

మసేను ఏదో అన్నాడు. గ్లాడ్‌స్టన్ కిటికీ వదిలి, తలుపు తెరిచి, మొదట్లో నేను చెప్పిన ఆ మాట అన్నాడు. కెజియా లోపలికి పరిగెత్తి మసేను ముందు కూర్చుంది.

"పెదనాన్నా, నిజమా? అంత ఘోరంగా ఉందా?"

నేను గుప్పిట్లో నిద్రపోతున్నాను. మసేనుకి ఆ పిల్ల పెదాలు కదలడం తప్ప ఏమీ తెలియలేదు. వినబడనివాళ్ళందరిలాగే అతనూ చిరునవ్వుతో నిండుగా తలూపాడు.

"చూశావా? నవ్వుతూ చెప్తున్నాడు. అన్నకి అబద్ధం రాదు," అన్నాడు గ్లాడ్‌స్టన్. "తుడిచెయ్. రేపు ఆ గొంతు ఎవరికీ వినబడకూడదు."

"వొద్దు నాన్నా."

"నువ్వు తుడుస్తావా, నన్ను తుడవమంటావా?"

కెజియా కంప్యూటరు ముందు కూర్చుంది. నిజంగా తుడిచేయాలా అని కంప్యూటరు అడిగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న వేసింది అదొక్కటే. గ్లాడ్‌స్టన్ ఆమె వెనక నిలబడి, తన చెయ్యి ఆమె చేతిమీద పెట్టాడు. మసేను ఇంకా తలూపుతూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే నూకాలు చేపలపులుసు క్యారియరుతో మెట్లెక్కి వచ్చింది. మెట్లమీద మొహాలు చూసింది, గదిలో మొగుణ్ణి చూసింది, అతని గుప్పిట్లోంచి వేలాడుతున్న నా తీగ చూసింది. క్యారియరు నేలమీద ధడాలున పడింది.

"ఆగు గుంటా, ఆగు! ఏటి తుడిసేత్తన్నావు?"

"పెదనాన్నకి నచ్చలేదంట పెద్దమ్మా. గొంతు పాడైనాదన్నాడంట."

"నచ్చలేదా? నచ్చకపోతే ఈ మనిషి మిషను ఆపుతాడేటే? సివరికంటా ఇని తిట్టడూ? మిషను ఆపీసి గుప్పిట్లో ఎట్టుకున్నాడంటే నచ్చినట్టే!"

"వదినా, నా చెవులతో విన్నాను," అన్నాడు గ్లాడ్‌స్టన్.

"ఏ సెవులు బావూ? వంజరాన్ని పంజరం అన్న సెవులేనా?"

నవ్వుదామని మెట్లమీద ఒకరిద్దరు నోళ్ళు తెరిచారు. ఎవరికీ నవ్వు రాలేదు. కెజియా చెయ్యి వెనక్కి లాక్కుని నెమ్మదిగా తండ్రివైపు తిరిగింది.

"నాన్నా, నిన్న నేను మైకు తీగ అందుకోమంటే, మేక తోకెందుకు అన్నావు. నవ్వించడానికనుకున్నాను."

"నవ్వించడానికే," అన్నాడతను నేలచూపులు చూస్తూ. మళ్ళీ తనే, "మొదట్లో," అన్నాడు.

శ్లేషలో ఇంత చీకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను మురిసిపోయిన చమత్కారమంతా చెవుడు కప్పుకున్న దుప్పటి. స్పీకర్ల ముందు కూర్చున్నవాడి చెవులే పోతే, స్పీకర్ల మధ్య నలభై ఏళ్ళు నిలబడ్డవాడి చెవులు మిగులుతాయా? ఆలోచించాల్సినదాన్ని నేనే. నేనూ నవ్వేశాను.

నూకాలు నన్ను మొగుడి గుప్పిట్లోంచి లాక్కుని గ్లాడ్‌స్టన్ చెవిలో గుచ్చి మీట నొక్కింది. నేను కుయ్యిమని మూలిగి మళ్ళీ కళ్ళు తేలేశాను. సెల్లు అయిపోయింది. కెజియా అటూ ఇటూ చూసి, గోడగడియారం దించి, దాని వెనక సెల్లు పీకి నాకు వేసింది. నా కోసం ఆ ఇంట్లో కాలం ఆగింది.

లోకం ఒక్కసారిగా తిరిగొచ్చింది. కొత్త చెవి, కొత్త చెమట, కొత్త గుండె. నూకాలు మసేను చెవి దగ్గర నోరుపెట్టి, "ఇందాకన్న మాట మళ్ళీ సెప్పు!" అని అరిచింది. ఆ అరుపుకి గ్లాడ్‌స్టన్ ఉలిక్కిపడి చెవి మూసుకున్నాడు. ఎన్నేళ్ళకి ఉలిక్కిపడ్డాడో.

మసేను అందరినీ వింతగా చూశాడు.

"ఏటి, అందరూ అలాగున్నారు? గొంతు పాడినాది అన్నాను. ఇన్నాళ్ళూ ఇస్పీకర్లు పాడినాయి, గిటారు పాడినాది, ఈడి కేక పాడినాది. ఈ పాలి గొంతు పాడినాది. మొదటిసారి ఇన్నాను ఈడి గొంతు. సచ్చిపోయినా పరవాలేదనిపించినాది."

పాడినాది. పాడైనాది. డ-కి గుడి ఉంటే పాట, ఐత్వం పడితే పాడె. నేను ఆ గుడిని గుడిలాగే, చెక్కు చెదరకుండా మోసుకెళ్ళి గ్లాడ్‌స్టన్ చెవిలో పెట్టాను. అతను అలాగే కుర్చీలో కూలబడ్డాడు. "మళ్ళీ చెప్పన్నా," అన్నాడు. మసేనుకి వినబడలేదు. తలూపాడు.

ఆదివారం సాయంత్రం నన్ను గ్లాడ్‌స్టన్ జేబులో వేసి పంపింది నూకాలే. మసేను ఒప్పుకున్నాడు. "నాకు ఇస్పీకరు పెట్టి సాలు," అని ముందు వరసలో స్పీకరు పెట్టె పక్కన కూర్చుని, దానిమీద అరచెయ్యి ఆనించాడు.

గ్లాడ్‌స్టన్ మైకు ముందుకి వచ్చి, నా తీగ అందరికీ కనబడేలా పైకెత్తాడు. నేను మైకు దగ్గరికి పోయేసరికి కుయ్యిమని కూత వచ్చింది. పాట మొదలైందనుకుని హాలంతా ఈలలు. "ఇంకా కాదు, ఇది మా కొత్త గాయకుడు," అన్నాడు గ్లాడ్‌స్టన్. తర్వాత శనివారం సంగతి మొత్తం చెప్పాడు. వంజరం, పంజరం, గుడి, ఐత్వం, తుడిచెయ్యబోయిన వేలు, అన్నీ. తనకు వినబడదని మొదటిసారి బయటపెట్టింది అన్నివందలమంది ముందు. చెప్తున్నంతసేపూ అతని గుండె నా వెనక గబగబా కొట్టుకుంది, చివర్లో నెమ్మదించింది.

హాలు నవ్వులో మునిగిపోతుంటే మసేను పెళ్ళాం భుజం తట్టాడు.

"ఏటంతన్నాడు?"

"నీకు సెవుడని సెప్తన్నాడు!" నూకాలు అరిచింది. మైకు అక్కర్లేని గొంతు, చివరి వరసకీ వినబడింది.

"ఆడికో?"

"ఆడికీ సెవుడేనని సెప్పినాడు!"

మసేను అరచెయ్యి స్పీకరుమీద సర్దుకున్నాడు.

"అయితే పాడమను."

ఆ మాటకి దారిలో ఏ ఐత్వమూ తగలకుండా జాగ్రత్తగా మోసుకెళ్ళి గ్లాడ్‌స్టన్ చెవిన వేశాను.