పలక చీలినట్టు

తాడో పేడో తేలే రోజు రానే వచ్చింది. మార్కాపురం మిషన్ బడిలో యేసుమణి ఏడాదిగా పాఠాలు చెబుతోంది. మద్రాసు సర్కారు పంపిన ఇన్‌స్పెక్టరు గారు ఇవాళ మెచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్ళీ మిరప చేలో కూలే. ఆమెకేమో పుట్టు నత్తి.

ఇన్‌స్పెక్టరు గురుస్వామి గారు పుదుచ్చేరిలో చదివిన మనిషి. ఆయనకో పిచ్చి ఉంది. ఎవరూ ఎరగని మాట ఒకటి ఇచ్చి, పిల్లలకు నేర్పి చూపించమంటాడు. పలకల ఊరు కదా అని ఓ ఫ్రెంచి మాటను బోర్డు మీద రాసి, తానే పలికాడు.

"షిస్తోజితే. రాయి పొరలు పొరలుగా చీలే గుణానికి శాస్త్రంలో పేరు. ఏదీ, నేర్పించమ్మా."

"షి... షి... షి..."

వెనక బెంచీలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన గడియారం తీసి చూసుకున్నాడు. యేసుమణికి ఏడుపొక్కటే తక్కువ.

అంతలో కిటికీ అవతల తండ్రి ఇశ్రాయేలు కనిపించాడు. గనిలో రాయి చీల్చి పలకలు తీయడం అతని పని. బడికి కొత్త పలకలు తెచ్చి, గంప నెత్తినుంచి దించడం కూడా మరిచి నిలబడిపోయాడు. చిన్నప్పుడు ఉలి చేతికిచ్చి అతను చెప్పిన మాట ఆమెకు గుర్తొచ్చింది. "అంచున పల్చగా లాగబోతే పగుల్తాది బిడ్డా. నడిమికి సగం చెయ్యి. ఆ సగాన్ని మళ్ళా సగం చెయ్యి."

యేసుమణి సుద్దముక్క తీసుకుని మాటను నడిమికి గీత గీసి చీల్చింది. అటు సగాన్ని, ఇటు సగాన్ని మళ్ళీ చీల్చింది. ఉలి మీద సుత్తి పడినట్టు బల్ల మీద వేలితో కొడుతూ, దెబ్బకొక ముక్క పలికింది.

"షిస్. తో. జి. తే."

ఎక్కడా నత్తి తగల్లేదు. మళ్ళీ కొట్టింది, ఈసారి గొంతెత్తి. పిల్లలూ బల్లలు కొడుతూ అందుకున్నారు. బడి దద్దరిల్లిపోయింది.

ఇన్‌స్పెక్టరు గారు గడియారం జేబులో వేసుకుని లేచి నిలబడ్డాడు. "ఏ ముక్కనూ నొక్కకుండా, అన్నీ ఒకే తూకంలో పలికావు. ఫ్రెంచివాళ్ళు పలికేదీ అట్లాగేనమ్మా. రేపటినుంచి నువ్వు ఈ బడి పంతులమ్మవే."

యేసుమణి ఒక్క పరుగున బయటికి వచ్చింది.

"నా... నా... నాయనా!"

ఇశ్రాయేలు గంప దించి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"అంతా విన్న్యాలే బిడ్డా. ఒక్క ముక్క గూడ పగల్లేదు."