మూడో భాగం వచ్చిన ఆదివారం

నేను ఒక గేమ్ డిస్కును. ‘ఏడు కోటలు’ అనే యుద్ధవ్యూహాల ఆటకు రెండో భాగాన్ని. నా గొప్పలు వినిపిస్తానని అనుకోకండి. నేను చెప్పబోయేది నా కుళ్లు గురించి.

ఏ దేశంలో పుట్టానో నాకు సరిగా తెలియదు. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులో ఒత్తి, వెండి రంగు పూత పూసి, పైన మంటల్లో ఉన్న కోట బొమ్మ అచ్చువేసి డబ్బాలో పెట్టారు. కాకినాడలో ఒక కంప్యూటర్ సామాన్ల దుకాణంలో పాలిటెక్నిక్ విద్యార్థి ఒకడు నన్ను కొన్నాడు. వాళ్ల హాస్టల్లో నేను తిరగని గది లేదు. నా మీద టీ గ్లాసులు పెట్టారు. గీతలు పడి ఆట ఆగిపోతే టూత్‌పేస్టు రాసి తుడిచారు. మనుషులు ఎంత ధీమాగా పాడుచేస్తారో అంత ధీమాగానే బాగుచేస్తారు. ఒకసారి పరీక్షల ముందు వార్డెన్ వచ్చి నన్ను పట్టుకుపోయాడు, పరీక్షలయ్యాక తిరిగి ఇస్తానని మాటిచ్చి. ఆ వార్డెన్ పేరు ముకుంద్. అప్పుడే ఉద్యోగంలో చేరిన లెక్చరర్. నన్ను తిరిగి ఇవ్వలేదు.

ముకుంద్ దగ్గర నేను సుఖపడ్డాను. అతనికి అనుపమతో పెళ్లయ్యాక ఆమె తమ్ముడు శశాంక్ ప్రతి ఆదివారం రాజమండ్రి నుంచి వచ్చేవాడు. బావా బావమరదులు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని వంతులవారీగా ఆడేవాళ్లు. ఒకరు ఎత్తు వేస్తున్నంతసేపూ రెండోవారు కిటికీ వైపు తిరిగి కూర్చోవాలని నియమం. ఎనిమిదేళ్లు అలా సాగింది. ఆ గదిలో నేను గిర్రున తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

ఒక ఆదివారం ఇద్దరూ ఆటలో సంధి చేసుకున్నారు. ముకుంద్ ఆ సంధిని నమ్మి సైన్యాన్నంతా ఉత్తరానికి పంపేశాడు. శశాంక్ సంధి తెంచుకుని ఖాళీగా ఉన్న రాజధానిని తగలబెట్టాడు. ముకుంద్ మొహం ఎర్రబడింది.

“నమ్మినవాణ్ని వెనక నుంచి పొడవడం మీ ఇంట్లో అందరికీ అలవాటేనా?” అన్నాడు.

పెసరట్ల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చిన అనుపమ అక్కడే ఆగిపోయింది. శశాంక్ లేచి చెప్పులు వేసుకున్నాడు.

“ఆట గురించి ఎంతైనా అను బావా. మా ఇంటి గురించి అనకు.”

తినకుండానే వెళ్లిపోయాడు. తర్వాత రెండేళ్లు ఆ గడప తొక్కలేదు. తప్పు తనదేనని ముకుంద్‌కు ఆ సాయంత్రానికే తెలుసు. ఆ మాట పైకి చెప్పడమే చేతకాలేదు. నన్ను బల్ల సొరుగులో పెట్టేశాడు. ఆ సొరుగు పూర్తిగా మూతపడదు, అందుకే మిగతా కథ సందులోంచి చూశాను.

మూడో భాగం వస్తోందన్న కబురు తెలిసిన రోజు నుంచి అతను మనిషి మారిపోయాడు. దాని బొమ్మలు పదేపదే చూసుకునేవాడు. కాలేజీ నుంచి రాగానే దాని ముచ్చట్లే చదివేవాడు. పాత కంప్యూటర్ ఇచ్చేసి, దానికోసం కొత్తది తెచ్చాడు. నాకోసం ఒక కుర్చీ కూడా మార్చలేదు ఏనాడూ. అది ఆగిపోవాలని, అడుగడుగునా తప్పులు దొర్లాలని సొరుగులో పడుకుని శపించాను.

అది నాలా డిస్కుగా కాక ఇంటర్నెట్‌లోంచి దిగాక ముకుంద్ ఫోన్ తీశాడు. రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాడు. మూడోసారి మాట్లాడాడు.

“శశీ, మూడో భాగం వచ్చింది. నువ్వొచ్చేదాకా తెరవను.”

అటు నుంచి వచ్చిన జవాబు సొరుగులోకీ వినిపించింది.

“ఎన్నింటికి రమ్మంటావు బావా?”

అక్కడ నా ఒళ్లు మండింది. రెండేళ్లుగా నేను ఇక్కడే ఉన్నాను. నా పేరు చెప్పి శశాంక్‌ను ఒక్కసారైనా పిలవలేదు.

ఆదివారం తొమ్మిదింటికి శశాంక్ వచ్చాడు. ముళ్ల మీద కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. ముకుంద్ ఆట తెరిచి అందులోని మెనూలన్నీ వెతికాడు, మళ్లీ మొదటి నుంచి వెతికాడు.

“ఇద్దరం ఒకే దాని ముందు కూర్చుని ఆడే వీలు తీసేశారు శశీ. రెండు కంప్యూటర్లుండాలంట.”

మౌస్ వదిలేశాడు. బావమరిదిని పిలవడానికి అతని దగ్గరున్నది ఆ ఆట ఒక్కటే.

“పోనీ, నువ్వు ఆడు, నేను చూస్తాను” అన్నాడు శశాంక్.

ఆ ఆటలో గడ్డం మంత్రి ఒకడున్నాడు. ధాన్యం కొట్టు ఎక్కడ కట్టాలో, సైన్యాన్ని ఎటు నడపాలో అంతా అతనే చెబుతాడు. ఆడేవాడు ‘అలాగే’ అని నొక్కాలి. గంటలో మూడు కోటలు వాటంతటవే వచ్చి ఒళ్లో పడ్డాయి.

“బావా, ఇంతకీ మనం ఏం చేస్తున్నట్టు?”

“మంత్రిగారు చెప్పినదానికి తలూపుతున్నాం.”

“ఆ మాత్రానికి నేను మా ఆఫీసుకి పోతే సరిపోయేది.”

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నేను పొంగిపోయాను. ఇక నేనే దిక్కనుకున్నాను. అనుకున్నట్టే ముకుంద్ సొరుగు లాగి నన్ను తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. కొత్త కంప్యూటర్‌ను ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. నన్ను పెట్టడానికి దానికి ఎక్కడా చోటు లేదు.

నన్ను బల్ల మీద పెట్టారు. శశాంక్ నన్నే చూస్తూ కూర్చున్నాడు.

“ఆ రోజు నేను చేసింది...”

“ఆటలో నువ్వు చేసింది సరే. నేనన్న మాటే తప్పు. మీ అక్క ఎదురుగా అనడం ఇంకా తప్పు.”

గుమ్మంలో అనుపమ ఉందని ముకుంద్ అప్పుడు చూశాడు.

“ఆ ముక్క చెప్పడానికి రెండేళ్లు పట్టిందా మీకు?” అంది ఆమె.

“పట్టింది.”

“రండి, అన్నం చల్లారిపోతోంది.”

అన్నం తింటున్నంతసేపూ ముగ్గురూ ఆ ఆటను తిట్టారు. మంత్రి గడ్డాన్ని తిట్టారు, చెరువు నీళ్ల మీద నడిచిపోయిన ఏనుగును తిట్టారు. నేను ఎనిమిదేళ్లు మెప్పించి వాళ్లను విడదీశాను. అది ఒక్క పూట విసిగించి కలిపేసింది.

వెళ్లేముందు శశాంక్ అన్నాడు, “వచ్చే ఆదివారం కూడా వస్తాను బావా. ఇంకా నాలుగు కోటలున్నాయిగా, వాటిలో మంత్రిగారు ఏం వెలగబెడతారో చూద్దాం.”

ముకుంద్ నన్ను మెత్తటి గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు. అంత గౌరవం నాకెప్పుడూ దక్కలేదు. అయినా ఇప్పటికీ ప్రతి ఆదివారం నాకు ఒళ్లు మండుతూనే ఉంటుంది. ఆ పనికిమాలిన ఆట ముందు కూర్చుని వాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతారు. నన్ను ఆడిన ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అలా నవ్వలేదు.