గాడిద పాలు ఎక్కడ దొరుకుతాయి

కోడలు రోజారాణి బ్యాగును రాములవ్వ సర్దుతోంది. అడుగున డిగ్రీ కాగితాలు, వాటి మీద పాత దుప్పటి, అన్నిటికంటే పైన బతుకమ్మకు కట్టుకునే పట్టుచీర. జిప్పు సగం లాగి ఆగింది. ఇంట్లో ఎవరు సంచీ తీసినా ఆమెకు భయమే. చెల్లెలు పోచవ్వ మొగుడితో భీవండి మరమగ్గాల పనికి పోయిన నాడు ముల్లె కట్టింది కూడా తనే. ఆ చెల్లెలు మళ్లీ కంటికి కనబడలేదు.

హాల్లోంచి కొడుకు సతీశ్ అరిచాడు. "పండుగకు పోతుందా, కాపురం ఎత్తుకపోతుందా? గంత బ్యాగెందుకే అవ్వా?"

"ఉత్త చేతులతోటి పంపితే దాని తల్లిగారు బెజ్జంకోళ్లు నన్నే తిడుతరు బిడ్డా."

సతీశ్ టీవీ పెట్టుకున్నాడు. బతుకమ్మకు ఆడపిల్ల తల్లిగారింటికి పోతానంటే సిద్దిపేటలో ఏ మొగుడూ కాదనడు. రాములవ్వ పట్టుకున్నది ఆ ఆసరానే.

ఆమె బడి మొహం చూడలేదు. కిరాణం పొట్లాలు విప్పి, కాగితం సాపు చేసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువు నేర్చింది. "సదివి కలెక్టరువైతవా? ముందుగాల కూరల ఉప్పు సూడు" అనేవాడు మొగుడు. మొగుడు పోయాడు, ఆ మాట మాత్రం ఇల్లు విడిచి పోలేదు. ఇప్పుడు రోజూ పేపరు చదువుతుంది కానీ రాసిందల్లా నమ్మదు. ఎవరినైనా మరీ మెచ్చుకుంటూ రాస్తే, ఎందుకు మెచ్చుకుంటున్నారా అని రెండోసారి చదువుతుంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక వార్త వచ్చింది. ఇంటర్నెట్టులో వెతికిపెట్టే కంపెనీ ఒకటి చూస్తుండగానే కొండంత పెరిగిపోయిందట. ఏది అడిగినా క్షణంలో చెబుతుందట, పైసా తీసుకోదట. రాములవ్వకు అక్కడే అనుమానం వచ్చింది. తన బతుకులో ఊరికే చేసిపెట్టింది ఆడవాళ్లే గానీ, కంపెనీలను ఎన్నడూ చూడలేదు. లోపలి పేజీలో ఎవరో వ్యాఖ్యానం రాశారు. ఎవరేం అడిగారో గుర్తుపెట్టుకోవడమే ఆ కంపెనీకి పెట్టుబడి అని. ఆ వాక్యం దగ్గర ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

అంతకు కొన్నాళ్ల ముందు అన్నం తింటూ సతీశ్ ఉన్నట్టుండి భార్యను అడిగాడు. "హైదరాబాదుల ఆడోళ్ల హాస్టల్ కిరాయి నీకెందుకే? దేశం మీద పడుదామనా?"

రోజారాణి చేతిలో గరిటె ఆగిపోయింది. తెల్లవారి లేస్తే ఇంటి చాకిరీ, మధ్యాహ్నం నుంచి మొగుడి మొబైల్ షాపులో కౌంటరు. అయినా ఎవరైనా అడిగితే సతీశ్, "మా ఆమె ఇంట్ల ఖాళీగనే ఉంటది" అంటాడు. ల్యాబు కోర్సు చేయాలని ఆమెకు ఆశ. హైదరాబాదులో ఆ పనే చేస్తున్న స్నేహితురాలు ఎస్తేర్ రమ్మంది. ఆ సంగతి రోజారాణి ఒక్క అత్తకే చెప్పుకుంది.

"కొడుకు కొడుకే గదా అత్తమ్మా" అంది ఆ రాత్రి గిన్నెలు తోముతూ. తర్వాత మాట్లాడటం మానేసింది. చేయని తప్పుకు ఆ మౌనం రాములవ్వను కాల్చుకు తిన్నది.

అందుకే ఆ పేపరు తెచ్చి కోడలి ముందు పరిచింది. "నేను చెప్పలే బిడ్డా. నీ ఫోనే చెప్పింది."

"ఫోనుకు నోరుంటదా?"

"గా ఫోను నీకు తెచ్చిచ్చింది ఎవలు?"

రోజారాణి ఫోను తీసి చూసుకుంది. "దీంట్ల ఆయన మెయిలే పెట్టిండు అత్తమ్మా. నేనడిగినయన్ని ఆయన ఫోన్ల కనబడుతున్నయేమో."

"సూద్దాం పా." రాములవ్వ ఫోను నోటి దగ్గర పెట్టుకుని, చెవిటివాళ్లను పలకరించినట్టు గట్టిగా అడిగింది. "గాడిద పాలు యాడ దొరుకుతయి?"

సాయంత్రం సతీశ్ చెప్పులైనా విడవలేదు. "ఏందే, గాడిద పాలెవలికే? తాగుతవా, మొహానికి రాసుకుంటవా?"

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకుంటే దొరికిపోతారు. రోజారాణి వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. అది నవ్వో ఏడుపో రాములవ్వకు తెలియలేదు.

ఆ తర్వాత ఫోనును అడిగేదంతా రాములవ్వే. సత్తుపిండి ఎట్ల చేయాలె? తంగేడు పూలు వాడకుండ ఎట్ల ఉంచాలె? బెజ్జంకి బస్సు ఎన్ని గంటలకు? షాపులో కూర్చుని సతీశ్ అవన్నీ చూసుకున్నాడు, పెళ్లానికి బుద్ధొచ్చిందని మురిశాడు. ఎస్తేర్‌తో మాటలన్నీ ఎదురింటి విజయరాణి ఫోనులో నడిచాయి.

బ్యాగు జిప్పు మూశాక రాములవ్వ కోడలి చేతిలోని ఫోను తీసుకుని బియ్యం డబ్బా మీద పెట్టింది. "గిది మరిచిపోయినవ్" అంది గొంతు తగ్గించి.

"నువ్వెట్ల అత్తమ్మా? నీతోని మాట్లాడేటోళ్లెవలు?"

ఉండు అంటే ఉండిపోతుంది. ఆ సంగతి రాములవ్వకు తెలుసు. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"బస్సు పోతది, నడువు."

దసరా నాడు సతీశ్ తల్లి చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాడు. లేస్తూ మెల్లగా అన్నాడు. "అది బెజ్జంకిల లేదట. యాడున్నదో నీకు తెలుసు అవ్వా."

"అన్ని తెలిసిన కంపెనీ నీ చేతులనే ఉన్నది గద బిడ్డా. దాన్నే అడుగు."

రోజారాణి బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకు ముందు రోజు, పొద్దుటి బస్సుకు పోయింది. పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మ అయిపోయాక రాలేదు. ఆ తర్వాత కూడా ఆ ఇంటికి రాలేదు.